అతుకు మీద అయస్కాంతం

మా వైపు స్టీలు కొనేవాళ్ళు అయస్కాంతం పెట్టి చూడందే నమ్మరు. అంటుకోకపోతే మంచి సరుకు, అంటుకుంటే ఇనుము. రాజోలులో వెల్డింగ్ షాపు పెట్టిన నాటి నుంచి ఈ పరీక్షతో నాకు పేచీయే.

ఒకసారి అంతర్వేది నుంచి ఒక బోటు యజమాని తాగునీళ్ళ ట్యాంకు తెచ్చారు. ఉప్పునీళ్ళకి అడుగంతా చిల్లులు పడిపోయింది. వేటకెళితే వారం రోజులూ బోటులో అందరికీ ఆ నీళ్ళే ఆధారం. గోడలు మామూలు స్టీలు. అడుక్కి మాత్రం ఉప్పుని తట్టుకునే మేలురకం రేకు వేయమన్నారు. రెండూ స్టెయిన్‌లెస్సే గానీ రకాలు వేరు. రెంటికీ కుదిరే రాడ్డుతో చుట్టూ అతికాను. ఆ అతుకు చూసుకుని నాకే ముచ్చటేసింది.

ఆయన జేబులోంచి అయస్కాంతం తీశారు. గోడకి పెడితే జారిపోయింది. అడుగు రేకుకీ అంతే. అతుకు మీద మాత్రం మెల్లగా పట్టుకుంది.

"ఏంటండీ ఇది? అటూ అంటుకోలేదు, ఇటూ అంటుకోలేదు, మజ్జిన అంటుకుందేటండీ? ఇనుం కలిపేసేరా?"

"ఆ మాత్రం లాగితేనే మంచిదండీ."

"ఎందుకండీ?"

లాగితేనే మంచిదన్నది నేను ఎక్కడో విన్న మాట. ఎందుకో నాకూ తెలీదు. తెలీదని ఒప్పుకోలేక ఒళ్ళు మండి, అతుకంతా గ్రైండరుతో కోసేసి, బట్టీ పనులకి వాడే వేరే రాడ్డుతో మళ్ళీ వేశాను. ఈసారి అయస్కాంతం జారింది. "ఆయ్, పనంటే ఇదండీ," అంటూ మర్నాడు బండి తెస్తానని ఆయన వెళ్ళిపోయారు.

ఆ "ఎందుకండీ" మాత్రం నన్ను వదల్లేదు. అవే రేకుల ముక్కలు తీసి, రెండు రాడ్లతోనూ అతికి, వైస్‌లో బిగించి వంచాను. అయస్కాంతం పట్టిన అతుకు బుద్ధిగా వంగింది. పట్టనిది మధ్యలో చిట్లింది. పాత ఐటీఐ పుస్తకం దుమ్ము దులిపి చూశాను. అతుకులో అయస్కాంతానికి అంటుకునే ఆ పిసరు పదార్థమేనట, కరిగిన లోహం చల్లారి ముడుచుకునేటప్పుడు పగలకుండా కాపాడేది! ఇన్నేళ్ళూ చేతులతో చేస్తున్న పని ఇదన్నమాట. చిన్నపిల్లాడిలా సంబరపడ్డాను.

ఆ సంబరంలోనే ట్యాంకు గుర్తొచ్చి దాని దగ్గరికి పరుగెత్తాను. పగుళ్ళు కనిపెట్టే ఎర్రరంగు అతుకు మీద పూసి, తుడిచి, పైన తెల్లపొడి కొట్టాను. ఒక మూల వెంట్రుకంత ఎర్రగీత తేలింది.

మర్నాడు ఆయన రాగానే ఆ గీతా, వంచిన ముక్కలూ చూపించాను. అతుకు కోసేసి మొదటి రాడ్డుతోనే మళ్ళీ వేశాను. సాయంత్రం దాకా ఆయన పక్కనే కూర్చున్నారు. ట్యాంకు బండెక్కించాక నెమ్మదిగా అన్నారు.

"నాకంటే తెలీదండి. మంచిదని మీరు ముందే అన్నారు గదా. నేనో మాటన్నానని మార్చేసేరేటండీ? నా కొడుకులిద్దరూ ఆ బోటు మీదే వెళ్తారండి."

ఆయన గొంతులో కోపం లేదు. నేను మాత్రం తలెత్తి ఆయన మొహం చూడలేకపోయాను.