ఎవాంజలిన్ పరిచిన పళ్లెం

ఒమాన్‌లోని సీబ్ ఊళ్లో మా కాలేజీ హాస్టల్‌కి ఎవాంజలిన్ వచ్చి మూడు నెలలు. కాకినాడ అమ్మాయి. తల్లి మేరీకుమారి అదే దేశంలో, అల్ సువైక్‌లో నర్సు.

వచ్చిన మొదటి గురువారమే పక్క గది నాదియా, మరో నలుగురు ఒమానీ అమ్మాయిలు హాల్లో పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని ఆమెను పిలిచారు. అందరి చేతులూ ఒకే అన్నంలో. ఎవాంజలిన్ కాకినాడలో అమ్మమ్మ పెంచిన పిల్ల. ఎంగిలి అంటే భయం. గదిలోంచి తన కంచం తెచ్చుకుని, ఎవరూ ముట్టని వైపు నుంచి రెండు గరిటెలు పెట్టుకుని, ఎడంగా కూర్చుంది. అదే మర్యాద అనుకుంది. మళ్లీ ఎవరూ పిలవలేదు.

మెస్‌లో ఒంటరిగా తినేది. తర్వాత గదిలోనే. చివరికి తల్లికి ఫోన్ చేసి, జరిగింది చెప్పి, చదువు మానేస్తానంది. ఫోన్ స్పీకర్‌లో ఉంది, నేను పక్కనే ఉన్నాను.

"ఓసి పిచ్చిమొహమా! వేరే కంచం పెట్టుకున్నావా? మా డ్యూటీ రూమ్‌లో పదేళ్లుగా ఇక్కడి నర్సులతో ఒక్క పళ్లెంలోనే తింటన్నాం. నాకేం రోగమొచ్చింది?"

"నాకెవరు చెప్పారమ్మా?"

"ఇప్పుడు చెప్పాగా. చేప పంపుతాను. వండి నువ్వే పిలువు."

"రాకపోతే?"

"నువ్వే తిను. వంజరం పారబొయ్యకు."

తలుపు తట్టాలంటేనే నాకు అరచేతులు చెమరుస్తాయి. చేప రాగానే ఎవాంజలిన్ వండి, అయిదుగురి తలుపులూ తట్టింది. హాల్లో ఒకే పెద్ద పళ్లెంలో అన్నం, చేపల పులుసు పరిచి కూర్చుంది. ఆవిరి తగ్గిపోయింది. ఆమె లేవలేదు.

నాదియా వచ్చి నిలబడింది. "నీ కంచమేదీ?"

"తేలేదు."

"మా చేతులు మురికనుకున్నావు కదూ?"

"లేదు. మా ఇంట్లో ఒకరు ముట్టింది ఇంకొకరు తినకూడదు. అలవాటు. మిమ్మల్ని బాధపెట్టానని తర్వాత తెలిసింది." తల దించకుండానే చెప్పింది.

నాదియా కూర్చుని ఒక ముద్ద తింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇది చేపా, నిప్పా? పగ తీర్చుకుంటున్నావా!"

ఇద్దరూ పకపకా నవ్వారు. ఆ నవ్వులకు మిగతా నలుగురూ వచ్చారు. నాదియా ఒక ముక్కకు ముళ్లు తన వేళ్లతోనే తీసి, ఎవాంజలిన్ ముందు పెట్టింది. వాళ్లలో ఆప్యాయత అది. ఎవాంజలిన్ చెయ్యి గాలిలో ఆగింది. మెట్ల మీద కూర్చుని నేను చూస్తున్నాను. పద్దెనిమిదేళ్లుగా ఒంట్లో ఇంకిన ఎంగిలి అన్న మాటను మనిషి ఒక్క క్షణంలో దాటగలదా?

దాటింది. నమిలి, మింగి, "ఇంకో ముక్క తియ్యి," అంది.