కొండ కింద వదిలిన చెప్పులు

మీ పిల్లల్ని ఎత్తుకోవడానికి పనిమనిషిని కూడా విహారయాత్రకు తీసుకెళ్తారు కదా, తిరిగొచ్చాక ఆమెను ఏం చూశావని ఎప్పుడైనా అడిగారా?

నేను అడిగాను. కువైట్‌లో, ఫింటాస్‌లోని మా ఇంటికి శుక్రవారాలు భోజనానికి వచ్చే అక్క ఒకామె ఉంది. అన్నమయ్య జిల్లా మనిషి. ముబారక్ అల్ కబీర్‌లో ఒక కువైటీ ఇంట్లో పని. యజమానురాలు, అంటే ఆమె మామా, ఎక్కడికి వెళ్లినా వెంట తీసుకెళ్తుంది. అలా లండన్ వెళ్లింది, ఇస్తాంబుల్ వెళ్లింది. రెండు చోట్లా హోటల్ గది తప్ప ఏమీ చూడలేదు. ఈసారి బ్రెజిల్‌లోని రియో అని తెలిశాక, ఒక్క పూటైనా తనకంటూ ఉండాలని ఆశపడింది.

రియో నేనూ చూడలేదు. అయినా గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. కొండ మీద చేతులు చాచిన క్రీస్తు విగ్రహం, తీగల మీద వేలాడుతూ వెళ్లే పెట్టెలో ఎక్కే ఇంకో కొండ, రంగురంగుల పలకల మెట్లు, కోపకబానా తీరం, వీటిని చూడకుండా రావద్దన్నాను. పూట సెలవు దయ కాదని, హక్కుగా అడగాలని చెప్పాను. మా ఇంటికి వచ్చే, ఇక్కడి ఆసుపత్రిలో పనిచేసే గోదావరి నర్సమ్మ మాత్రం విగ్రహం దగ్గర తన పేరున ప్రార్థన చేయమంది. మొక్కులు మోయడానికి వెళ్తోందా అని నేను మండిపడ్డాను. నర్సమ్మ నాకు ఇంకో గరిటె పప్పు వడ్డించింది.

అక్క అక్కడ రోజూ సెలవు అడిగిందట. మామా రోజూ రేపు అందట. చివరికి అందరూ క్రీస్తు కొండకు బయలుదేరారు. కింద రైలెక్కే చోట మా అక్క చెప్పులు విప్పి బెంచీ కింద పెట్టేసింది. దేవుడున్న కొండకు చెప్పులతో ఎవరు ఎక్కుతారు?

పైన బండలు పెనంలా కాలుతున్నాయి. చంకలో పిల్లవాడు, కింద కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఎగరడం. జనం విగ్రహాన్ని వదిలి ఈమెను చూడసాగారు. ఒక తెల్ల ముసలావిడ సంచిలోంచి మేజోళ్లు తీసి అక్క చేతిలో పెట్టి, మామా వైపు ఒక చూపు చూసిందట. పనిమనిషికి చెప్పులైనా కొనిపెట్టని ఇల్లాలని ఊరంతా అనుకుంటుందేమోనని మామా ముఖం ఎర్రబడింది. పిల్లవాణ్ణి తానే ఎత్తుకుని, యల్లా, పద పద, వెళ్లి చెప్పులు వెతుక్కో, లేకపోతే కొత్తవి కొనుక్కో, చీకటిపడేలోగా హోటల్‌కు రా అని పంపేసింది.

బెంచీ కింద చెప్పులు లేవు. వాళ్లను తీసుకొచ్చిన కారు డ్రైవరు ఆమెను కోపకబానాలో దించాడు. అక్క ఆకుపచ్చ రబ్బరు చెప్పులు కొని, వాటిని చేతిలో పట్టుకుని, అలల్లా నల్లగా తెల్లగా రాళ్లు పరిచిన దారి మీద ఆ చివరిదాకా నడిచింది. సాయంత్రం దాకా సముద్రం ముందు కూర్చుంది.

"విగ్రహం ఎలా ఉందక్కా?" అన్నాను.

"పిల్లోని ముక్కు తుడుస్తా ఉంటినన్నా, మొగం సూడలా. సముద్రం మాత్రం కడుపునిండా సూసినా."

మూఢనమ్మకం వల్ల కాళ్లు బొబ్బలెక్కాయని నేను అందుకున్నాను.

"నీ ఉపన్యాసం నాకు పూట సెలవు ఇప్పిచ్చిందా అన్నా? నా చెప్పులు ఇప్పిచ్చినాయి."

"చెప్పులు కాదండీ, మా ప్రభువే ఇప్పించాడు," అంది నర్సమ్మ.

ఇద్దరితోనూ ఇప్పటికీ వాదిస్తున్నాను. సెలవు ఇప్పించింది దేవుడు కాదు, చెప్పులూ కాదు, నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు. ఎవరూ చూడని చోట ఆ సెలవు ఎందుకు ఉండదు?

మన తెలుగు ఇళ్లలోనూ పనిమనుషులున్నారు. ఈసారి ఊరు వెళ్లినప్పుడు ఆమె చంకలోని బిడ్డను మీరు ఎత్తుకోండి. ఆమెను ఒక పూట ఒంటరిగా పంపండి. చెప్పులు పోయేదాకా ఆగకండి.