నర్సవ్వ దుర్బీను

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. అప్పట్లో మహబూబ్‌నగర్‌లో తిరిగిన దయ్యాల్లో సగం నా నోట్లో పుట్టినవే. కన్నవాడికి తెలియదా వాటి సంగతి? ఒకటికి పది కలిపి చెప్పడం నాకు చిన్ననాటి జబ్బు. ఈ ఒక్క ముచ్చట మాత్రం ఇన్నేండ్లు ఎవరికీ చెప్పలేదు. నమ్మరని కాదు, సిగ్గుతో.

అరవైల మొదట్లో నేను పశువుల దవాఖానలో కాంపౌండర్‌ను. నా పిచ్చి రెండో ప్రపంచ యుద్ధకాలపు ఓడల దుర్బీన్లు. నిండిన చెరువు చూడటమే అపురూపమైన పాలమూరులో ఇదేం పిచ్చని మీరడగొచ్చు. నన్ను కట్టుకున్న పాపానికి మా ఇంటామె రోజూ అడిగేది. హైదరాబాద్‌లో పాత మిలిటరీ సామాన్లు అమ్మే చోట ఒకటి కొన్నాను, ఇక అంటుకుంది. ఇత్తడి ఒళ్లు, నల్లతోలు, పక్కన చెక్కిన ఇంగ్లీషు మిలిటరీ బాణం గుర్తు, చేతిలో మేకపిల్లంత బరువు. ఇరవై ఉన్నాయని చెప్పుకునేవాణ్ణి. ఉన్నవి మూడు.

మక్తల్ దగ్గరి ఒక ఊరికి గొర్లకు సూదులేయడానికి పోతే, నర్సవ్వ అనే ముసలామె మెడలో జనపతాడుతో వేలాడుతూ నాలుగోది కనిపించింది. ఆమె కొడుకు మల్లయ్య కూలీలతో బొంబాయి పోయి, యుద్ధంలో ఓడ ఎక్కాడట. తిరిగి రాలేదు. వాడి దోస్తు ఒకడు ఈ దుర్బీను తెచ్చిచ్చి పోయాడట.

నర్సవ్వ పొద్దున గొర్లను తోలినాక గడప మీద కూర్చుని అందులోంచి చూసేది. అదీ పెద్ద అద్దాల వైపు నుంచి.

"అవ్వా, ఉల్టా పట్టినవ్. ఇట్ల తిప్పు, అన్నీ దగ్గరికొస్తయి," అన్నాను.

"దగ్గరున్నోల్లకు గిదెందుకు బిడ్డా? నా కొడుకు దూరం పోయిండు. దూరంగనే కనవడ్తడు."

"ఏం జేస్తుంటడు?"

"నిలవడి ఉంటడు. గంతే."

ఈ మాటలకు నాలుగు రంగులద్ది దవాఖానలో అందర్నీ నవ్వించాను. కానీ నా కన్ను ఆ బాణం గుర్తు మీదే ఉంది. మరుసటిసారి పోయినప్పుడు, అద్దాలకు బూజు పట్టింది, పట్నంలో శుభ్రం చేయించి తెస్తానన్నాను. బూజు లేదు, ఏమీ లేదు. అద్దాలు కొత్తకుండలో నీళ్లలా ఉన్నాయి. ఆమె తాడు తీసి నా మెడలో తానే వేసింది.

నెల తర్వాత ఆమెకు ఇచ్చింది జాతరలో కొన్న రేకు బొమ్మ దుర్బీను. నల్లరంగు పూసి, బరువు కోసం లోపల సీసం ముక్కలు పెట్టాను. కండ్లల్ల పొర వచ్చిన మనిషి, కనిపెట్టదనుకున్నాను. చేత్తో తడిమి, "అల్కగైంది బిడ్డా," అంది.

"మురికి పోయింది గద అవ్వా," అన్నాను. నా జీవితంలో నేనాడిన చమత్కారాల్లో తలుచుకుంటే ఒళ్లు చచ్చిపోయేది అదొక్కటే.

తర్వాతి ఆదివారం, పొద్దున పది గంటలకు మా కిరాయి ఇంటి మిద్దె మీద, మా ఇంటామె మిరపకాయలు ఎండబోస్తుంటే, నర్సవ్వలాగే ఉల్టా పట్టుకుని చూశాను, సరదాకు. మా గల్లీ చిన్నదై కనబడాలి. కనబడింది ఒక గడప. గడప మీద గింజంత ముసలామె. కండ్లకు రేకు బొమ్మ ఆనించుకుని నావైపే చూస్తోంది.

ఆ ఊరు నలభై మైళ్లు. మామూలుగానైతే నాలుగు వందలంటాను. నలభయ్యే. అద్దాలు తుడిచి మళ్లీ చూశాను. అట్లాగే ఉంది. మా ఇంటామెకిచ్చి చూడమన్నాను.

"మన గల్లీ కనవడ్తాంది. ఏంది, ఇంకో కథ షురూ జేసిండ్రా?" అంది.

మరునాడు తొలి బస్సుకు పోయాను. నేను నోరు తెరవకముందే నర్సవ్వ అంది:

"నిన్న మిద్దె మీద బనీను ఉల్టా తొడుక్కొని నిలవడ్డవ్ గద బిడ్డా. పక్కకే మిరపకాయలు."

బనీను తిరగేసి వేసుకున్నట్టు నాకే ముందురోజు సాయంత్రం స్నానం దగ్గర తెలిసింది.

"మల్లయ్య వస్తలేడు," అంది. కోపం లేదు. "రోజూ నువ్వే వస్తున్నవ్."

సంచిలోంచి అసలుది తీసి ఆమె చేతిలో పెట్టాను. చేసింది చెబుదామని వచ్చి, వాగుడుకాయను, గొర్ల సూదుల గురించి మాట్లాడాను. తోలును తడిమింది, వాసన చూసింది. "గిది నాది," అంది. మరి మెడలో ఉన్నదేంటని అడగలేదు. అడిగితే బాగుండు.

పెద్ద అద్దాలు కండ్లకు పెట్టుకుని బీడువైపు చూసింది. నేను ఆమె వెనక నిలబడ్డాను. చాలాసేపు చూసింది.

"ఉన్నడా అవ్వా?"

"లేడు. నువ్వే ఉన్నవ్. తల దించుకొని నిలవడ్డవ్."

ఆమె బతికున్నన్నాళ్లు నెలకోసారి పోయి అదే అడిగాను. అదే జవాబు. నా మూడు దుర్బీన్లు సంచిలో కట్టి అటక మీద పడేశాను.

అది ఎట్లా జరిగిందో నాకిప్పటికీ తెలియదు. ఇందులో నేను కలిపింది ఏదైనా ఉందేమోనని ఎన్నోసార్లు వెతికాను. ఉంటే ఎంత బాగుండేది.