గడకి తొడిగిన చొక్కా

గోదారి నడుమ లంకలో దిగేసరికి ఉదయం ఏడు. తొంభైల్లో, నేను ఆర్మీలో ఉండగా, వరద డ్యూటీ అది. సన్నటి వాన. గోదారి ఎర్రగా పొంగి లంక అంచుదాకా వచ్చేసింది. మాకొక మోటారు బోటు, వైర్‌లెస్ సెట్, నారింజ రంగు లైఫ్ జాకెట్లు. చీకటి పడేలోపు లంక ఖాళీ చేయించాలని ఆర్డరు. జట్టులో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. మాది కొవ్వూరు. గోదారి గురించి నాకొకరు చెప్పేదేంటన్న పొగరుండేది.

అక్కడ చాలామంది ఆడవాళ్లు చీరమీద మగవాళ్ల చొక్కాలు తొడుక్కుని, మెడదాకా గుండీలు పెట్టుకుని ఉన్నారు. నాకు నవ్వొచ్చింది.

"అదేంటమ్మా?" అన్నాను.

"వరదలో మగాడు ఏరు దాటితే ఆయన చొక్కా మేం తొడుక్కుంటామండి. మనిషి ఇంట్లోనే ఉన్నాడని గోదారి అనుకోవాలి. ఆయనొచ్చేదాకా చొక్కా లంక దాటకూడదండి," అంది సత్యవతి. ఆమె మొగుడు గేదెల్ని నావలో గట్టుకి చేర్చడానికి వెళ్లాడు.

మధ్యాహ్నానికి మిగతా మగవాళ్లంతా తిరిగొచ్చారు. ఆడవాళ్లు చొక్కాలు విప్పి బోటెక్కారు. సత్యవతి ఎక్కనంది. పాకలో అప్పటికే మోకాలిలోతు నీళ్లు. గట్టుమీంచి మా హవల్దారు సెట్‌లో కేకలేస్తున్నాడు: "ఆఖరి ట్రిప్పు. ఎవర్నీ వదలొద్దు!"

బతిమాలగా బతిమాలగా ఆమె నీలిగళ్ల చొక్కా విప్పి, పాక ముందున్న వెదురు గడకి తొడిగింది. గుండీలన్నీ మళ్లీ పెట్టింది. లైఫ్ జాకెట్ వేసుకుని ఎక్కింది.

నడి ఏట్లో ఉండగా ఎగువన అతని నావ కనబడింది. మావైపు చూశాడు. బోటులో అందరం నారింజ రంగులోనే ఉన్నాం. పెళ్లాన్ని పోల్చుకోలేదు. లంకకేసి చూశాడు. పాక ముందు అతని చొక్కా గాలికి చేతులు ఊపుతోంది. ఆమే పిలుస్తోందనుకున్నాడు కాబోలు, నావ అటు తిప్పేశాడు.

"ఇక్కడున్నానయ్యా! ఇక్కడ!" సత్యవతి గొంతు చించుకుంది. ఇంజను మోతలో అతనికి వినబడలేదు. మేం బోటు మళ్లించేలోపే లంక కొసన సుడిలో నావ తిరగబడింది. చీకటి పడేదాకా వెతికాం. మనిషి దొరకలేదు.

వరద తీశాక ఆమెని లంకలో దింపింది నేనే. గడ ఒరిగింది గానీ చొక్కా దాన్నే అంటిపెట్టుకుని ఉంది. బురద దులిపి తొడుక్కుంది.

"ఇంకెందుకమ్మా?" అని నోరు జారాను.

"ఆయనింకా రాలేదు కదండీ," అంది, మెడదగ్గర గుండీ పెట్టుకుంటూ.

ఇంటికొచ్చేసి ఇన్నేళ్లయింది. మా ఆవిడ నా చొక్కా దండెంమీద ఆరేస్తుంది. గాలికి దాని చేతులు ఆడితే తడిదైనా సరే, వెళ్లి తీసేస్తాను. అటు ఎవరైనా వచ్చేస్తారేమోనని భయం.