ఏ లొట్టికి ఏ గుడ్డ

అప్పటికే ఒక లొట్టి సగం ఒలికిపోయింది. ఆటోల నా కాళ్లనిండ కల్లు. పట్టుకుందామని వంగేవరకు రెండో లొట్టి మూతికి కట్టిన గుడ్డ సుత ఊడొచ్చింది. ఏడేండ్లాయె. నేనింక ఆ ఆటోలనే ఉన్న, దిగుతనే లేను.

మీరెవరో నాకు తెల్వదు. తెల్వదు కాబట్టే చెప్తున్న. ఇంట్ల నన్ను లొడలొడ అంటరు, కడుపుల మాట ఆగదంటరు. ఈ ఒక్కటి ఎట్ల ఆగిందో నాకే సమజ్ కాదు.

మాది ఎల్లారెడ్డి దిక్కు. బాపు, మా పక్కింటి సాయన్న మామ, ఇద్దరు ఈత చెట్లు గీస్తరు. కల్లుల ఏం కలుపరు. మా దిక్కు గది చిన్న మాట కాదు, దుకాణాలల్ల అమ్మేదంత చక్రీన్, మత్తుమందు కలిపిన మందు కల్లేనాయె. అందుకే కామారెడ్డి కాడి పాత దొరల గడిల వీళ్ల కల్లు అడుగుతరు. ఐతారం ఐతారం పట్నపోళ్లు వచ్చి బురుజులు చూసి, చెట్టు కల్లు రుచి చూస్తరు. ఇది ఫలానా ఇంటోళ్లదని చెప్పి, మోదుగాకు డొప్పల పోస్తరు. గుర్తుకు బాపు లొట్టికి ఎర్ర గుడ్డ, మామ లొట్టికి తెల్ల గుడ్డ.

ఆ దినం రెండు లొట్లు నాతోని పంపి, వాళ్లు ఎనుక బండి మీద వస్తమన్నరు. తొవ్వంత ముచ్చట్లు పెట్టకు కోడలా, కల్లు పులుస్తది అని మామ నవ్విండు.

ఒలికింది బాపుది. గది ఖాయం. బాపు తిడుతడని భయమైంది. సడక్ పక్క దుకాణం కాడ ఆటో ఆపిచ్చి, ఒలికినంత దుకాణం కల్లు పోసిన. గుడ్డలు మళ్ల కట్టిన. ఆ కలిపిన లొట్టికి తెల్ల గుడ్డ, మామ మంచి కల్లుకు ఎర్ర గుడ్డ పడ్డయి.

ఇగ ఇక్కడనే నాకు తిక్కతిక్క అయితది. గాబరల కట్టిన్నా? బాపు పేరు పోవద్దని కావాలనే మార్చిన్నా? గాబరనే, ఇంకేముంది అనుకుంట. అనుకున్నంతసేపు పట్టదు, ముడి ఏసేటప్పుడు ఆటో ఆయన చూస్తున్నడా అని నేను తిరిగి చూసింది యాదికొస్తది. గాబరల ఉన్నోళ్లు గట్ల చూస్తరా?

గడిల ఎర్ర గుడ్డ కల్లు శాన బాగున్నదన్నరు. బాపు మురిసిపోయిండు. తెల్ల గుడ్డది ఒక పెద్దమనిషి ఒక్క గుక్క తాగి డొప్ప కింద పెట్టిండు, నాలిక మీద చక్రీన్ తీపి తగులుతున్నదన్నడు. గడి చూసుకునే సారు అందరి ముంగటనే మామను, చెట్టు కల్లని చెప్పి మందు కల్లు తెస్తవా, ఇంకెప్పుడు రాకు అన్నడు. మామ ఆయనతోని లొల్లి పెట్టుకోలే. నా దిక్కు తిరిగిండు.

“తొవ్వల ఎవ్వలన్న ముట్టిండ్రా బిడ్డా?”

“లేదు మామా. ఎవ్వలు ముట్టలే.”

“గట్లనా,” అన్నడు. నమ్మిండు.

ఆ మాట మాకంటె ముందే ఊరికి చేరింది. మామ కల్లు ఎవ్వలు తాగలే. ఆ ఎండకాలమే చెట్టెక్కే మోకు దండేనికి ఏసి చెట్లు ఇడిచిపెట్టిండు. ఇప్పుడు కామారెడ్డిల ఒక రైస్ మిల్లు గేటు కాడ కూసుంటడు. నేను కనవడితే ఇప్పటికి, ముచ్చట్లేవి కోడలా అంటడు.

మాఫీ అడుగుదామంటే దేనికని అడగాలె? తెల్వక చేసిందానికా, తెలిసి చేసిందానికా? గది తేలినంక చెప్దామని ఇన్నేండ్లు గుంజిన. తేలలే. మొన్న ఇక్కడిదాక రాస్తుంటె ఒకటి తట్టింది. మామ నన్ను ఎందుకు చేసినవని అడగలే. ముట్టిండ్రా అని అడిగిండు. దానికి జవాబు నా కాడ మొదటి సంది ఉన్నది.

తెల్లారి మొదటి బస్సుకు కామారెడ్డి పోయిన. మామ మిల్లు గేటు తీస్తున్నడు. నన్ను చూసి, గింత పొద్దుగాల ఏంది కోడలా, చాయ తాగినవా అన్నడు.

“ముట్టిన మామా,” అన్న. “నేనే ముట్టిన.”