లోపల వదిలిన గుడ్డ

ఇరవై రెండేళ్లు కుట్టుమిషను తొక్కిన కాలు కోడింగ్ బడిలోనూ ఊరుకోదు. కీబోర్డు మీద వేళ్లు ఆడినంతసేపూ బల్ల కింద కుడిపాదం తొక్కుతూనే ఉంటుంది. తప్పెక్కడుందో దొరక్కపోతే, సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు ఒక కన్ను మూసి తెర మీదికి వంగుతాడు. రెడీమేడ్ బట్టల దెబ్బకు కొట్టు మూతపడ్డాక నలభై ఆరో ఏట ఇక్కడ చేరాడు. తోటివాళ్లందరికీ టైలరన్న. ఈ పరీక్ష తప్పితే బడి నుంచి పంపించేస్తారు.

పరీక్ష రోజు, వయసులో అతనికి సగమున్న సారు తెర చూసి నొసలు చిట్లించాడు. "ప్రోగ్రాం పని చేస్తోంది గానీ, పాత లైన్లు తీసెయ్యకుండా, కంప్యూటరు వాటిని వదిలేసేలా ముందు రెండేసి గీతలు పెట్టి అలాగే ఉంచారేంటి?"

"లోపల కాస్త గుడ్డ వదలాలి కద సార్. రేపు ఒళ్లొస్తే విప్పుకోవచ్చు."

క్లాసంతా గొల్లున నవ్వింది. సారు కూడా నవ్వుతూనే ఆ లైన్లన్నీ చెరిపేసి, పాసయినట్టు రాశాడు. అందరూ వెళ్లిపోయాక మాత్రం దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అన్నా, ఈ ప్యాంటు నడుం దగ్గర పట్టేస్తోంది. కొంచెం వదులు చేసిపెడతారా?"

టైలరన్న నడుంపట్టీ అంచు తిరగేసి, ఒక కన్ను మూసి, కుట్టు వెంట వేలు పోనిచ్చాడు.

"రెడీమేడు కద సార్. లోపల గుడ్డ వదల్లేదు."