మూడు స్టేషన్ల అవతల పరిశోధన

ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి నేను లైబ్రేరియన్‌ని. నర్సులకూ లైబ్రేరియన్లకూ పరిశోధన ఎలా చేయాలో నేర్పే శిక్షణ ఒక రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉందంటే, నన్నూ జనరల్ వార్డు యాదమ్మ సిస్టర్‌నీ పంపారు. మంచం దిగుతూ పడిపోయిన రోగుల గురించి ఆమె ఏడాదిగా నోటుబుక్కులో రాస్తోంది. ఏ వేళ పడ్డారు, లైటు ఉందా, కాళ్లకు చెప్పులున్నాయా, ఇలా.

“గిది రీసెర్చ్ అంటరా మేడం, ఊకె రాసుకున్నట్టా? ఇయ్యాల ఎవరన్నా పెద్దోళ్లను అడగాలె,” అంది.

తొమ్మిదిన్నరకు మెట్రో ఎక్కాం. చైతన్యపురిలో కోచింగ్ పిల్లలు తోసుకొచ్చారు. ఈ దారిన వచ్చేవారికి నా సలహా, తలుపు దగ్గర నిలబడవద్దు. ఒకమ్మాయి మా ఫైళ్లు చూసి, “ఏ ఎగ్జామ్ ఆంటీ?” అంది.

“ఎగ్జామ్ గాదు బిడ్డా, రీసెర్చ్,” అంది యాదమ్మ.

“ఎన్ని పోస్టులు పడ్డయి?”

పది గంటలకు హాల్లో ముప్పైమందిమి చేరాం. పాఠం ఆన్‌లైన్‌లోనట. తెరమీద ప్రత్యక్షమైంది మా ఆసుపత్రి డాక్టరుగారే. వెనక మా లైబ్రరీ తలుపు, దానికి తాళం.

“తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియడం లేదు,” అన్నారాయన.

లేచి నిలబడ్డాను. “నా దగ్గరే ఉందండి.”

“అయితే తెరవండి.”

“నేను మీ క్లాసులో ఉన్నానండి, దిల్‌సుఖ్‌నగర్‌లో.”

“అక్కడికెందుకు వెళ్లారు?”

“మీరే సంతకం పెట్టి పంపారు సార్.”

వేరే గదిలో అయితే వెనక పుస్తకాలు కనబడవట, వచ్చి తెరవమన్నారు. పదీ ఇరవైకి మళ్లీ మెట్రో ఎక్కాను. పదకొండు కాకముందే తలుపు తీశాను. “ఇక్కడే కూర్చుని వినండి, కెమెరాలో పడకుండా,” అన్నారు. కూర్చోబోతుంటే నిర్వాహకుడి ఫోను. హాల్లో సంతకం లేకపోతే సర్టిఫికెట్ రాదట. మూడోసారి మెట్రో.

నేను చేరేసరికి డాక్టరుగారు చేతులు ఊపుతూ మాట్లాడుతున్నారు. మైకు ఆన్ చేసుకోలేదు. స్పీకరు కూడా కట్టేసుకున్నారేమో, మా అరుపులూ ఆయనకు వినిపించడం లేదు. జనం కుర్చీలు యాదమ్మ చుట్టూ తిప్పుకున్నారు. తుర్కయంజాల్ నుంచి వచ్చిన ఒక నర్సు అడుగుతోంది:

“పడ్డోళ్లవి రాసినవు అక్కా, మంచిదే. పడనోళ్లవి రాసినవా? ఆళ్లకు సుత చెప్పుల్లేకుంటే ఎట్ల?”

యాదమ్మ మొహం వాడిపోయింది. చాలాసేపు పేజీలు తిప్పింది.

“లేదమ్మా. గా సోయే రాలే.”

ఆమెను వెనకేసుకు రావాలనిపించింది. కానీ అడిగింది సరైన ప్రశ్నే. పక్కన కూర్చుని, ఇలాంటి పని చేసినవాళ్ల వ్యాసాలు వెతికి ఇస్తానన్నాను. పడనివాళ్ల గురించి ఏమేం రాయాలో అందరూ కలిసి తేల్చేసరికి భోజనం వేళయింది. తెరమీద డాక్టరుగారు నమస్కారం పెట్టారు. గట్టిగా చప్పట్లు కొట్టాం.

పులిహోర, పెరుగన్నం, సర్టిఫికెట్లు అయ్యాక నాలుగున్నరకు తిరుగు మెట్రో. పాఠంలో ఆయన చెప్పిన మాట ఒక్కటీ వినకుండానే, ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత మంచి పాఠం నేర్చుకున్న రోజు మరొకటి నాకు గుర్తులేదు. రైలు ఊగుతుంటే యాదమ్మ నోటుబుక్కులో వంకర గీత గీసి, పైన ‘పడనోళ్లు’ అని రాసింది.

ఎల్బీనగర్‌లో ఆమె ఎక్కవలసిన హయత్‌నగర్ బస్సు వచ్చింది. ఆమె ఆసుపత్రి వైపు నడిచింది.

“ఇవాళ మీకు డ్యూటీ లేదుగా సిస్టర్?”

“లేదు మేడం. జర మంచాల కింద చెప్పులు చూసి పోత.”